నాగరత్నమ్మత్త ఎత్తి పడేసిన సైకిళ్ళు

మా నాగరత్నమ్మత్తకి కంటబడ్డ ప్రతి సైకిలునీ జానెడెత్తుకి లేపి, కింద పడేసి, ఆ చప్పుడు చెవులు రిక్కించి వినే జబ్బుంది. సైకిలు ఎవరిదైనా సరే. తెలిసినవాళ్ళదా, తెలియనివాళ్ళదా, తాళం వేసి ఉందా, క్యారియర్‌కి పాలక్యాన్లు కట్టి ఉన్నాయా అన్న పట్టింపు ఆవిడకి లేదు. ఒక చెయ్యి సీటు మీద, ఇంకో చెయ్యి హ్యాండిల్ మీద వేసి, పసిపిల్లని ఉయ్యాలలోంచి తీసినంత తేలిగ్గా లేపుతుంది. వదిలేస్తుంది. 'దబ్' అని ఒకే ఒక్క చప్పుడు వస్తే ఆ సైకిలుగలవాడు బతికిపోయినట్టు. 'దబ్' తర్వాత 'గలగల' వినబడిందా, వాడికి ఆ రోజు మూడిందన్నమాటే.

"ఎవడ్రా ఇది? డబ్బాలో గులకరాళ్ళు పోసుకుని ఊరేగతన్నాడు!" అని ఆవిడ కేక వేస్తే నరసరావుపేట బజారంతా వెనక్కి తిరిగి చూస్తుంది. సైకిళ్ళు లేనివాళ్ళు కూడా ఒకసారి తమని తాము తడుముకుంటారు.

అత్త అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. వాళ్ళు వైశ్యులు, మేం క్రైస్తవులం. వాళ్ళ సైకిళ్ళ కొట్టుకీ, నా ఫ్లెక్సీల కొట్టుకీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడే చుట్టరికం. ఆవిడ నన్ను "అల్లుడూ" అంటుంది. కోపం వస్తే "ఒరేయ్ సుధీరూ" అంటుంది. నా పేరు సుధీర్ బాబు అయినా, గత ఇరవై ఏళ్ళలో ఎక్కువగా వినబడింది రెండోదే.

ఆ కొట్టు యజమాని వెంకటసుబ్బయ్య మామ. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ, నుదుట బొట్టు, పెదవుల మీద చెరగని నవ్వు. గ్రీజు మరక అంటిన వస్త్రం ఆయన ఒంటి మీద ఎవరూ చూడలేదు. ఆయన పని సైకిళ్ళు అమ్మడం. అత్త పని అమ్మనివ్వకపోవడం. ఈ రెండూ ఒకే కప్పు కింద జరుగుతూ ఉండేవి.

ఒకసారి ఒక పెద్దమనిషి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏదో కంపెనీ ఏజెంటు అంటగట్టి పోయిన, మోటారుసైకిలంత లావు టైర్లున్న ఎర్ర సైకిలు ఒకటి అక్కడ ఉంది. తండ్రి దాన్నే చూపించి, "ఇది ఇవ్వండి" అన్నాడు.

"దివ్యంగా ఉంటుంది బాబూ," అన్నాడు మామ నవ్వుతూ.

"ఏం దివ్యంగా ఉంటది?" అని లోపలి నుంచి అత్త వచ్చింది. "ఏ ఊరు మీది?"

"గురజాల పక్కనండీ."

"బడి ఎంత దూరం? గతుకుల దారా? గాలి ఎవడు కొడతాడు? ఆ టైరుకి పంక్చరేసేవోడు గురజాలలో ఉన్నాడా?"

"లేడనుకుంటానండీ..."

"అనుకుంటే ఎట్టా? నడిరోడ్డు మీద పిల్లోడు దీన్ని భుజానేసుకుని వస్తాడా?" అంటూ ఆ ఎర్ర సైకిలుని ఎత్తి పడేసింది. గలగల. "వినపడిందా? అది పళ్ళూడిపోయిన ముసలోడి నవ్వు. పో, పోయి ఇంకో కొట్లో కొనుక్కో. ఇక్కడ మాత్రం నీకు అమ్మను."

ఆ పెద్దమనిషి పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. మామ నవ్వు అలాగే ఉంది, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

కొడుకు ఫణికి సంబంధం చూడటానికి వినుకొండ వెళ్ళినప్పుడు కూడా అంతే. ఆడపెళ్ళివాళ్ళు కాఫీలు తెస్తుంటే ఈవిడ వసారాలో లేదు. పెరట్లో గోడకి ఆనించి ఉన్న పిల్ల తండ్రిగారి పాత సైకిలుని ఎత్తి పడేస్తోంది. 'దబ్.' ఒకే చప్పుడు. వెనక చక్రం తిప్పి వదిలింది. అది తిరిగి తిరిగి నెమ్మదించి, గాలి కొట్టే వాల్వు ఉన్న వైపు బరువుకి కిందికి జారి, ఉయ్యాలలా అటూ ఇటూ ఊగి ఊగి ఆగింది. అత్త చేతులు దులుపుకుని లోపలికి వచ్చి, "సంబంధం ఖాయం" అంది. అప్పటికింకా పిల్ల బయటికే రాలేదు. ఆ పిల్లే హిమబిందు. ఇప్పటికీ ఆ కోడలి మీద ఒక్క మాట పడనివ్వదు. "చక్రం అట్టా ఊగిందంటే లోపల బేరింగులు శుభ్రంగా ఉన్నట్టు. కంటికి కనపడని చోట శుభ్రంగా పెట్టుకునే ఇల్లది" అంటుంది.

ఆవిడ దృష్టిలో మంచి సైకిలంటే రంగూ కాదు, గేర్లూ కాదు, బుట్టా కాదు. "ఎక్కినోడికి అది గుర్తుండగూడదురా. మనసులో పాటో, పద్యమో, అప్పులోడి మొహమో ఏదో ఒకటి మెదలతా ఊరు వచ్చెయ్యాల. చెడ్డ బండైతే తొక్కినప్పుడల్లా నేనున్నా, నేనున్నా అంటది" అని నాకు ఒకసారి చెప్పింది. చెప్పింది అంటే అరిచింది. చైను మీద వేలు పెట్టి నొక్కితే ఎంత కుంగాలో, చక్రం తిరిగేటప్పుడు బ్రేకు రబ్బర్లకి ఎంత ఎడంగా ఉండాలో, అతుకుల దగ్గర రంగు కింద గరుకు తగిలితే దాని అర్థం ఏమిటో, అన్నీ తిట్ల రూపంలోనే నేర్చుకున్నాను. ఫ్లెక్సీలు వేసుకునేవాడికి ఎందుకిదంతా అంటే, పక్క కొట్లోంచి వినబడుతుంటే చెవులు మూసుకోలేను గదా.

ఇలా ఉండగా పోయిన జూన్‌లో ప్రవీణ్ కుమార్ గారి వ్యవహారం వచ్చింది.

ప్రవీణ్ కుమార్ గారికి ఎడ్లపాడు వైపు స్పిన్నింగ్ మిల్లు ఉంది. ఆ పక్క పల్లెలో హైస్కూల్లో పది పాసై, చిలకలూరిపేట కాలేజీలో చేరే ఆడపిల్లలందరికీ సైకిళ్ళు ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు. మంచి మనసే. కాకపోతే మనసుకి తోడు హడావుడి కూడా ఉంది. మా అత్త కొట్టుకి వచ్చి ధర అడిగాడు. అత్త ధర చెప్పకుండా గంట సేపు సైకిలు అంటే ఏమిటో చెప్పింది. ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చుని, చివరికి, "అమ్మా, చిన్నపిల్లలు తొక్కేదానికి ఇంత అవసరమా?" అన్నాడు.

అంతే.

"చిన్నపిల్లలు తొక్కేదానికి కాకపోతే పెద్ద మనుషులు కార్లలో పోయేదానికి అవసరమా?" అని ఆవిడ లేచింది. ఆయనా లేచాడు. కారు డోరు వేసిన చప్పుడుకి నా కొట్లో అద్దం అదిరింది.

తర్వాత ఆయన ఎక్కడి నుంచో ఒక ఏజెంటు ద్వారా పెట్టెలకి పెట్టెలు తెప్పించుకున్నాడు. గులాబీ రంగు సైకిళ్ళు, ముందు తెల్లబుట్టలు. వాటిని బిగించి ఇచ్చే పని మాత్రం ఎవరో ఒకరు చెయ్యాలి గదా. ఆ పనికి అత్తకి తెలియకుండా ఒప్పుకున్నది సాక్షాత్తూ మా మామ. ఎడ్లపాడులో మిల్లువారి గోడౌన్‌లో, మా మెకానిక్ శౌరిని పెట్టి బిగింపించాడు. శౌరి మీసాలు నెరిసిన మనిషి, అత్త తిట్లు తింటూ ముసలివాడైనవాడు. "సుబ్బయ్యగారూ, ఈ బండ్లు బాలేవండీ, రిమ్ములు వంకర" అని అంటే, "బిగించడం మన పని, వంకర దేవుడి పని" అన్నాడట మామ. దీనంతటికీ కారణం ఒకటుంది. సభలో ఆయనకి శాలువా కప్పుతామన్నారు. అంత కాలం కొట్లో కూర్చున్నా ఆయనకి ఎవరూ ఎన్నడూ శాలువా కప్పలేదు.

ఫ్లెక్సీ వేసింది నేనే. అందులో మామ ఫోటో కూడా ఉంది. అత్త అడిగితే, "బజారు అసోసియేషన్ సన్మానం" అన్నాడు మామ. ఆవిడ పట్టుచీర కట్టుకుని, "ఇన్నాళ్ళకి నీ మొహం ఎవరికో కనపడింది" అని సంతోషంగానే బయల్దేరింది. నేనూ వాళ్ళతో కారెక్కాను. కొండవీటి కొండల పక్క నుంచి పోతుంటే ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అందరికీ పెట్టింది. మామ ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాడు.

స్కూలు ఆవరణలో షామియానా. ముందు వరసలో గులాబీ సైకిళ్ళు, ఒక్కో సైకిలు పక్కన ఒక్కో అమ్మాయి. హెడ్‌మిస్ట్రెస్ ఫిలోమినా మేడం మైకులో ఆహ్వానం చదువుతున్నారు. అత్త కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది. ఆవిడ కళ్ళు సైకిళ్ళ మీద పడ్డాయి. ఆ తర్వాత శౌరి మీద పడ్డాయి. శౌరి షామియానా గుంజ వెనక్కి తప్పుకున్నాడు. ఆ తర్వాత మామ మీద పడ్డాయి.

"ఏందిది?" అంది నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"కూర్చో రత్నం, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు మామ.

అత్త కూర్చోలేదు. తిన్నగా వెళ్ళి మొదటి సైకిలుని పట్టుకున్న అమ్మాయితో, "వదులమ్మా ఒకసారి" అంది. ఎత్తింది. పడేసింది.

గలగల కాదు, పెళ్ళి భోజనాల్లో గిన్నెలు దొర్లినట్టు మోత. బెల్లు మూత ఊడి మేడం గారి కాళ్ళ దగ్గరికి దొర్లింది. బుట్ట వంగి వేలాడింది. ఇంకో సైకిలుని ఎత్తింది. స్టాండు ఊడింది. మూడోదాని బ్రేకు నొక్కి ముందుకి తోస్తే చక్రం ఏ మొహమాటం లేకుండా తిరుగుతూనే ఉంది.

"ఇది బ్రేకా? హైవే మీద లారీ ఎదురొస్తే ఈ పిల్ల ఏం నొక్కాల? నీ శాలువా నొక్కాలా?" అని మామ వైపు తిరిగింది. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట ఊరంతా వినబడింది.

ప్రవీణ్ కుమార్ గారి మొహం ఎర్రబడింది. "అమ్మా, ఉచితంగా ఇస్తుంటే వచ్చి రభస చేస్తారేంటి? మీ దగ్గర కొనలేదనేగా ఈ ఏడుపు?"

"ఉచితం ఎవరికయ్యా? పడితే ఎముక విరిగేది వాళ్ళకి. ఆసుపత్రి ఉచితమా?"

"ఈ సైకిళ్ళు బిగించింది మీ కొట్టువాళ్ళే! అడగండి మీ ఆయన్ని!"

మామ తల దించుకున్నాడు. ప్రవీణ్ కుమార్ గారు దండ తీసి బల్ల మీద కొట్టి, "ఇంక నాకేం సంబంధం లేదు" అని కారెక్కాడు. ఫిలోమినా మేడం ఏం చెయ్యాలో తెలియక, "రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటది" అంటూ సైకిళ్ళన్నీ ఒక గదిలో పెట్టించి తాళం వేసింది. అమ్మాయిలు ఉత్తచేతుల్తో ఇంటికి నడిచారు. శాలువా మడత విప్పకుండానే ఎవరో పట్టుకుపోయారు.

తిరుగు ప్రయాణంలో కారులో నోరు విప్పింది ఒక్క మామే. "నా జీవితంలో ఒక్కరోజు. ఒక్క గంట. అదీ ఉంచలేదు నువ్వు" అన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి చేతిసంచీ సర్దుకుని, వినుకొండలో ఉన్న చెల్లెలింటికి రైలెక్కేశాడు. అంత శాంతమూర్తి అలిగి వెళ్ళాడంటే బజారులో ఎవరూ నమ్మలేదు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం కొట్టు ముందుకి ఒక నాన్నా, కూతురూ వచ్చారు. నాన్న పేరు యోబు, కౌలు రైతు. కూతురు వెన్నెల. సభలో మొదటి సైకిలు పట్టుకుని నిలబడింది ఆ పిల్లే.

"సైకిళ్ళమ్మ మీరేనా?" అంది వెన్నెల.

"నేనే. ఏంది?"

"నా సైకిలు నాకు కావాల."

అత్త నవ్వబోయింది. "ఆ బండి ఎక్కితే కాలేజీకి కాదు, పైకి పోతావే."

"పోతే నేనే పోతా. ఇప్పుడు ఎటూ పోవట్లేదు గదా!" ఆ పిల్ల ఏడవలేదు. కోపం అలాంటిది. "సైకిలొస్తే కాలేజీకి పంపిస్తానన్నాడు నాన్న. ఆటోలో పంపడు, బస్సు మా ఊరి కాడ ఆగదు. ఇప్పుడు పత్తిలో కలుపుకి రమ్మంటన్నాడు. మీరొచ్చి ఎత్తారు, పడేశారు, తిట్టారు, కారెక్కి పోయారు. బాగలేదని చెప్పడం మాకూ వచ్చు. బాగుండేది ఇచ్చారా మరి?"

"ఇదిగో పిల్లా, మంచి సైకిలంటే..."

"మంచి సైకిలంటే మా ఇంటి ముందర ఉన్న సైకిలు!" అంది వెన్నెల.

యోబు ఇబ్బందిగా, "పిల్ల మాటలు పట్టించుకోబాకండమ్మా. రాత్రి నుంచి అన్నం తినలా" అని కూతురి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

నేను నా కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు పిడుగు పడుతుంది అనుకున్నాను. పడలేదు. అత్త చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆ దారిన పాలవాడి సైకిలు గలగలమంటూ పోయింది. ఆవిడ తల కూడా తిప్పలేదు. పాలవాడే భయపడి ఆగి, "అమ్మగారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి పోయాడు.

సాయంత్రానికి నన్ను పిలిచింది. "ఒరేయ్ సుధీరూ, ఆ మిల్లాయనకి ఫోన్ కలుపు."

కలిపాను. స్పీకర్ పెట్టమంది.

"ఏమయ్యా, ఆ సైకిళ్ళు వెనక్కి తీసుకున్నావా?"

"మీరా?" అని అటువైపు ప్రవీణ్ కుమార్ గారి గొంతు మండింది. "ఆ ఏజెంటు వెనక్కి తీసుకోనన్నాడు. ఇప్పుడు కొత్తవి కొనిమ్మంటారా? అవి ఏట్లో పారేసుకోండి, పాతరేసుకోండి, నాకు మాత్రం ఫోన్ చెయ్యబాకండి!"

ఫోన్ పెట్టేశాడు. అత్త మొహం వెలిగింది. "విన్నావుగా. మన ఇష్టమన్నాడు."

"అలా అనలేదత్తా."

"అన్నాడు. నోరు మూసుకుని ట్రాలీ ఆటో పిలిపించు."

మర్నాడు పొద్దున్నే ఆవిడా, శౌరీ కొట్లో ఏదో పని మొదలుపెట్టారు. షట్టర్ సగం దించి ఉంది. ఇనుప చప్పుళ్ళు, తిట్లు. తర్వాత ట్రాలీ ఆటోలోకి గోనెసంచులు ఎక్కాయి. "ఎక్కడికత్తా?" అంటే, "చెప్తే నువ్వు మీ మామకి చెప్తావు" అని ఆటో ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చుంది. ఆటో కదిలే లోపలే డ్రైవర్‌ని, హారన్ గొంతు బాగాలేదని తిట్టింది.

ఆవిడ అలా రోజూ పొద్దున్న వెళ్ళి, పొద్దువాలే వేళకి చేతుల నిండా నల్లటి మసితో వచ్చేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. బజారు ప్రశాంతంగా ఉండి, అందరికీ భయం పట్టుకుంది.

ఒక ఆదివారం పొద్దున మామ అలక తీరి దిగాడు. అలక తీరడమంటే చెల్లెలింట్లో వడ్డనలు తగ్గాయన్నమాట. నేరుగా కొట్టుకి వచ్చి షట్టర్ ఎత్తాడు. ఒక పొలికేక వినబడి నేను పరిగెత్తాను.

కొట్టులో సైకిళ్ళన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. కాకపోతే ఒక్కదానికీ బ్రేకుల్లేవు. చైన్లు లేవు. కొన్నింటికి చక్రాలే లేవు. పెడళ్ళు, బెల్లులు, స్టాండులు, సీట్లు అన్నీ మాయం. అత్త ఎవరికీ అమ్మకుండా కళ్ళలో పెట్టుకుని కాపాడుకున్న మేలు రకం సైకిళ్ళన్నీ ఎముకల గూళ్ళలా ఉన్నాయి.

"దొంగలు! సుధీర్, దొంగలు పడ్డారు!" అన్నాడు మామ ఛాతీ పట్టుకుని. "పోలీసులకి ఫోన్ చెయ్యి!"

ఆ గోనెసంచుల్లో ఏం పోయిందో, ఎటు పోయిందో నాకు అప్పుడు వెలిగింది. "దొంగలు ఎవరో నాకు తెలుసు మామా," అన్నాను. "ఎడ్లపాడు దగ్గరున్నారు."

అర్థమవగానే ఆయన మొహంలో జీవితకాలం దాచుకున్న నవ్వు మొత్తం ఊడిపోయింది. "పోనీ బండి!" అన్నాడు. నా మోటార్‌సైకిల్ వెనక కూర్చుని, ఎడ్లపాడు దాకా ఆయన అన్న మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు. చిలకలూరిపేట దగ్గర సిగ్నల్‌లో ఆగితే పక్క ఆటోలో ఉన్న ముసలమ్మ, "ఆయనకి ఏం కష్టమొచ్చింది నాయనా?" అని నన్ను జాలిగా అడిగింది.

స్కూలు గేటు దగ్గరికి వెళ్ళేసరికి అత్త కేకలు రోడ్డు మీదకే వినబడుతున్నాయి.

లోపల ఆవరణంతా గులాబీ సైకిళ్ళు తలకిందులుగా, హ్యాండిల్స్ మీదా, సీట్ల మీదా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని ముందు ఒక్కో అమ్మాయి కూర్చుని పానాతో బిగిస్తోంది. అందరి చేతులూ, కొందరి ముక్కులూ నల్లగా ఉన్నాయి. ఫిలోమినా మేడం కొంగు నడుముకి చెక్కి, కిరోసిన్ గిన్నెలో బేరింగులు కడుగుతున్నారు. శౌరి ఒక మూల చక్రం బెండు తీస్తూ, జీవితంలో మొదటిసారి తను కాక వేరేవాళ్ళు తిట్లు తింటుంటే ఆనందంగా చూస్తున్నాడు.

"ఏమే, ఎన్నిసార్లు చెప్పాలే? బ్రేకు రబ్బరు రిమ్ముకి తగలాల, టైరుకి కాదు! టైరుకి తగిల్తే చీలిపోద్ది. చీలి, వానలో, ఆ మలుపు కాడ జారితే ఎవరేడవాలే? మీ అమ్మా, నేనా? విప్పు! మళ్ళీ బిగించు! నేను రోజూ వచ్చి మీ ఎనకాల పరిగెత్తుతానా? మీ బండి మీకు తెలవాల!"

ఆ అమ్మాయి, "సరే నాయనమ్మా" అని మళ్ళీ విప్పింది. విసుగు లేదు, భయమూ లేదు. నాకు అప్పుడు తట్టింది. బజారులో మేమందరం ఆ కేకలకి పారిపోయామే గానీ, ఒక్కరమూ మాటలు పూర్తిగా వినలేదు. పడితే ఎవరేడవాలి అన్నదే ఆవిడ ఇన్నాళ్ళూ అడుగుతున్నది.

మామకి అదేం పట్టలేదు. "రత్నం!" అని అరిచాడు. ఆవరణలో పానాలన్నీ ఆగాయి. "నా కొట్టేదీ?"

అత్త చేత్తో అంతా చూపించింది. "ఇదిగో. ఇక్కడుంది."

"అవన్నీ అమ్మాల్సిన సైకిళ్ళు!"

"నేను అమ్మనియ్యలేదుగా. ఊరికే నిలబడి ఏం చేస్తన్నయ్ అయ్యి? మన చేత్తో బిగించిన చెత్తని మన చేత్తో సరిచెయ్యాల. నువ్వు ఒప్పుకున్న పనేగా. పూర్తి చేస్తన్నా."

మామ ఇంకో మాట అనబోయాడు. ఈలోపల వెన్నెల తన సైకిలు ముందు నుంచి తల ఎత్తి, "తాతయ్యా, ఖాళీగా నిలబడ్డారుగా, ఈ చక్రం కాస్త పట్టుకోండి. శౌరి బాబాయి అటున్నాడు" అంది.

ఆయన వంగి పట్టుకున్నాడు. చక్రం ఆయన పంచెకి ఆనింది. గ్రీజు మోకాలి నుంచి కింది దాకా నల్లటి చారలా దిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"గట్టిగా పట్టుకో! ఎందుకట్టా ఊపతావు?" అని అత్త అరిచింది.

"నేను ఊపట్లా!" అని మామ అంతకంటే గట్టిగా అరిచాడు. "నీ చక్రం పుల్లలే బిగువు తప్పినయ్! ఈ పక్క మూడు లూజు, ఆ పక్క రెండు టైటు! ఎవరేశారిది?"

అత్త వచ్చి వంగి, ఒక్కో పుల్లనీ గోటితో మీటి చూసింది. "నేనే," అంది. "నిజమే, తప్పినయ్."

అత్త తప్పు ఒప్పుకోగా విన్నవాళ్ళు భూమ్మీద అప్పటిదాకా ఎవరూ లేరు. శౌరి చేతిలో పానా జారిపోయింది. మామ లాల్చీ చేతులు పైకి మడిచి, "పానా ఇటు పట్రామ్మా" అని వెన్నెలని అడిగాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ చక్రం దగ్గరే కూర్చుని పోట్లాడుకుంటూ బెండు తీశారు.

ఎండ తగ్గే వేళకి యోబు వచ్చాడు. గేటు దగ్గరే చెప్పులు విప్పి నిలబడి, "అమ్మా, ఇప్పుడు బండి బాగున్నట్టేనా?" అని అడిగాడు.

"నన్ను అడుగుతావేంది?" అంది అత్త విసురుగా. "బిగించింది నీ కూతురు. దాన్నే అడుగు. రేపు దారిలో ఏదన్నా ఊడినా, అదే బిగించుకుంటది. నీ పత్తిలో కలుపుకి మాత్రం ఇంకెవర్నన్నా చూసుకో. ఈ పిల్ల మళ్ళీ పొలంలో కనపడిందంటే, సైకిలు కాదు, నిన్ను ఎత్తి పడేస్తా!"

యోబు నవ్వి తల వంచాడు. అప్పటికే వెన్నెల సైకిలు ఎక్కేసింది.

"ఎక్కడికే?" అన్నాడు యోబు.

"చిలకలూరిపేట."

"కాలేజీ రేపటి నుంచేగా?"

"కాలేజీ లేకపోతేనేం నాన్నా, రోడ్డుందిగా!"

ఆ పిల్ల గేటు దాటింది. ఆ వెనకే ఇంకో సైకిలు, దాని వెనక ఇంకోటి. అందరూ ఒకేసారి వెళ్ళిపోతుంటే ఆవరణ గులాబీ రంగు పోయి మట్టి రంగుకి వచ్చేసింది. అత్త గేటు దాకా పరిగెత్తింది, కొంగు దుమ్ములో ఈడుస్తూ.

"ఎడమ పక్కన పోండే! ఎడమ పక్కన! ఏమే వెన్నెలా, చెయ్యి ఊపబాకే! రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టు! లారీ వస్తంటే ఆగండే! మలుపు కాడ దిగి నడవండే! ఓసే, వినపడతందా?"

అమ్మాయిలు మలుపు తిరిగి చింతచెట్ల వెనక కనబడకుండా పోయారు. అత్త ఇంకా అరుస్తూనే ఉంది. మామ మసి పట్టిన చేతులు తుడుచుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"చానా దూరం పోయారు రత్నం. ఇంక వాళ్ళకి వినపడదు."

అత్త ఆయన వైపు కోపంగా తిరిగింది.

"వినపడకపోతే తిట్టగూడదా?" అంది.